తమ్ముడికి మెకానిక్ పనిముట్లు కొనాలి, డబ్బా సెట్టు తీసుకోవాలా విడివిడిగా తీసుకోవాలా?

ఉప్పల్_అన్నయ్య:

అందరికీ నమస్తే. మా తమ్ముడు మల్లేపల్లి ఐటీఐలో మోటార్ మెకానిక్ ట్రేడ్ పూర్తి చేసి ఈమధ్యే ఉప్పల్ రింగ్ రోడ్డు దగ్గర ఒక కార్ల షెడ్డులో చేరాడు. పని బాగానే నేర్చుకుంటున్నాడు, సేటు కూడా మంచివాడే, కానీ షెడ్డు మొత్తానికి కలిపి ఒకటే ట్రాలీ. అందులో 10 నంబరు పానా ఎప్పుడు చూసినా కనపడదు, 12 పానా అందరూ వాడి వాడి నోరు తెరుచుకుపోయింది. "నీ పనిముట్లు నువ్వు తెచ్చుకో, ఇంజన్ పని నీ చేతికిస్తా" అని సేటు అన్నాడట.

ముందు ఆన్‌లైన్‌లో ఒక 46 పీసుల డబ్బా తెప్పించాం. చూడ్డానికి తళతళలాడుతూ బాగుంది. కానీ వారం తిరక్కుండానే ర్యాచెట్, అంటే బోల్టులు తిప్పే టిక్కు టిక్కుమనే పిడి, దాని లోపల పళ్ళు జారడం మొదలైంది, మొన్న బలం పెట్టి తిప్పుతుంటే ఒక్కసారిగా జారి వాడి వేళ్ళ కణుపులు రేడియేటర్ పక్క రేకుకు కొట్టుకుని చర్మం లేచిపోయింది. అది చూసి ఇంట్లో అమ్మకు ఒకటే టెన్షన్.

ఇప్పుడు 15 వేల దాకా పెట్టగలను. షెడ్డుకు వచ్చేవి ఎక్కువగా మారుతి, హ్యుందాయ్, తర్వాత టాటా, అప్పుడప్పుడు ఫోక్స్‌వ్యాగన్ పోలో, స్కోడా ర్యాపిడ్. నాకు ఈ పనిలో ఓనమాలు కూడా తెలియవు, వాడేమో నన్ను ఇబ్బంది పెట్టడం ఇష్టం లేక "ఏదో ఒకటి కొను అన్నా" అంటున్నాడు. కొంటే పదేళ్ళు చేతిలో ఉండేవి కొనాలని ఉంది. ఏ కంపెనీ, ఏ సైజులు, హైదరాబాద్‌లో ఎక్కడ, కాస్త వివరంగా చెప్పండి.

మూసాపేట_షెడ్:

అన్నా, ముందు ఆ ర్యాచెట్‌ను తమ్ముడి చేతిలోంచి తీసెయ్యండి. బిగుసుకుపోయిన బోల్టు మీద జారే ర్యాచెట్ పెడితే ఈసారి వేలు విరుగుతుంది.

డబ్బా సెట్ల సంగతి చెప్తాను. 46 పీసులు, 108 పీసులు అని పైన పెద్దగా రాస్తారు, తెరిచి లెక్కపెడితే సగానికి పైగా చిన్న బిట్లు (స్క్రూలకు పెట్టే కొనలు), 4, 4.5, 5 ఎంఎం సాకెట్లు (బోల్టు తల మీద తొడిగే గొట్టాలు). కార్ల షెడ్డులో 4.5 సాకెట్‌తో ఏం పని? మనకు పొద్దున్నుంచి సాయంత్రం దాకా చేతిలో ఉండేవి వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు, డబ్బులు వాటి మీదే పెట్టాలి.

ఏ సైజులో చెప్పాలంటే బోల్టుల లెక్క తెలియాలి. జపాన్ పద్ధతి బళ్ళలో, అంటే మారుతి, టొయోటా, హోండాల్లో, 6 ఎంఎం బోల్టుకు తల 10, 8 ఎంఎం బోల్టుకు తల 12, 10 ఎంఎం బోల్టుకు 14, 12 ఎంఎం బోల్టుకు 17. హ్యుందాయ్, కియా కూడా చాలావరకు ఇదే దారి. యూరప్ పద్ధతిలో అదే 8 ఎంఎం బోల్టుకు తల 13 ఉంటుంది, 10 ఎంఎం బోల్టుకు 16 లేదా 17, 12 ఎంఎం బోల్టుకు 18 లేదా 19. అందుకే మారుతి కింద పడుకుంటే 12, 14 అడుగుతుంది, టాటా, మహీంద్రా, ఫోక్స్‌వ్యాగన్ కింద పడుకుంటే 13 అడుగుతుంది. 10 మాత్రం రెండు పద్ధతుల్లోనూ ఉంది, బ్యాటరీ టెర్మినల్ దగ్గర్నుంచి టాపెట్ కవర్ (ఇంజన్ పై మూత) దాకా దానితోనే పని, ఏ షెడ్డులో చూసినా 10 పానా మాయమయ్యేది అందుకే. తమ్ముడికి 10 సాకెట్ రెండు, 10 పానా రెండు తీసుకోండి, వృథా అనుకోకండి.

పానాల్లో ఒకవైపు నోరు, ఇంకోవైపు రింగు ఉండే కాంబినేషన్ పానాలు 8 నుంచి 19 దాకా తీసుకుంటే చాలు. నోరున్న వైపు బోల్టు తలను రెండు పలకల దగ్గరే పట్టుకుంటుంది, గట్టిగా ఉన్న బోల్టు మీద బలం పెడితే నోరు తెరుచుకుంటుంది లేదా తల మూలలు అరిగి గుండ్రంగా అయిపోతుంది. మొదటి పట్టు ఎప్పుడూ రింగుతోనో సాకెట్‌తోనో విడిపించాలి, వదులయ్యాక నోరున్న వైపుతో గబగబా తిప్పుకోవచ్చు. ఈ ఒక్క అలవాటు ఉంటే మామూలు పానా కూడా చాలా ఏళ్ళు వస్తుంది. మీ షెడ్డులో 12 పానా నోరు తెరుచుకుందన్నారు చూడండి, అది చాలావరకు ఈ అలవాటు లేకపోవడం వల్లే అయి ఉంటుంది.

సాకెట్లు కొనేటప్పుడు లోపల ఆరు మూలలవే అడగండి. పన్నెండు మూలలవి ఇరుకులో తేలిగ్గా కూర్చుంటాయి నిజమే, కానీ తుప్పు పట్టిన బోల్టు, ఇదివరకే ఎవరో అరగదీసిన బోల్టు వస్తే పట్టు చాలదు. మంచి సాకెట్‌ను లోపలికి చూస్తే మూలలు సూదిగా ఉండవు, కొద్దిగా గుండ్రం చేసి ఉంటాయి, దానివల్ల బలం బోల్టు తల మూల మీద కాకుండా పలక మీద పడుతుంది. చవక సాకెట్‌లో ఈ మలుపు ఉండదు, గోడ కూడా ఒకవైపు మందంగా ఒకవైపు పల్చగా కనపడుతుంది. షాపులో వెలుతురు వైపు పెట్టి చూస్తే మీకే తెలిసిపోతుంది.

కంపెనీల మాటకొస్తే, పానాలు, కటింగ్ ప్లేయర్, నోస్ ప్లేయర్, స్క్రూ డ్రైవర్లకు టపారియా కళ్ళు మూసుకుని తీసుకోండి. 1969లో స్వీడన్ కంపెనీ సాంకేతిక సహకారంతో మొదలుపెట్టారు, నాసిక్‌లో ఫ్యాక్టరీ. ఏ ఊళ్ళో పోయినా దొరుకుతుంది, ఒక పానా పోతే అదే పానా ఒక్కటే మళ్ళీ కొనుక్కోవచ్చు, పనిచేసుకునేవాడికి అది పెద్ద సుఖం. జలంధర్, లూధియానా వైపు నుంచి వచ్చే ఎగుమతి కంపెనీల సరుకు కూడా గట్టిదే. ర్యాచెట్ మాత్రం ఒక మెట్టు పైది కొనండి, లోపలి పళ్ళకు రిపేర్ కిట్ విడిగా దొరుకుతుందా లేదా అడిగి మరీ కొనండి. 72 పళ్ళ ర్యాచెట్ అయితే 5 డిగ్రీలు కదిలినా పట్టుకుంటుంది, 24 పళ్ళదైతే 15 డిగ్రీలు కదలాలి, ఆల్టర్నేటర్ వెనక చెయ్యి దూరని చోట ఆ తేడా ఏంటో తమ్ముడికి తెలుసు.

ఇంకోటి, ర్యాచెట్‌కు పైపు తొడిగి లాగొద్దని చెప్పండి. గట్టి బోల్టుల కోసం బ్రేకర్ బార్ విడిగా ఉంటుంది, అందులో పళ్ళుండవు కాబట్టి జారేదేమీ లేదు. అదొకటి తప్పకుండా కొనండి.

సుత్తి, ఉలి, గరాటా, వైర్ బ్రష్ లాంటివి ఏ కంపెనీవైనా పర్లేదు, వాటి మీద డబ్బులు పొయ్యొద్దు.

మియాపూర్_పోలో:

పైన అన్న చెప్పినవి చాలావరకు ఒప్పుకుంటాను, ఒక్క విషయంలో కాదు. సాకెట్లు విడివిడిగా కొంటే మొత్తం మీద ఖర్చెక్కువ. మంచి కంపెనీ హాఫ్ ఇంచ్ డ్రైవ్ (సాకెట్ తగిలించే చదరపు కొన అర అంగుళం ఉండేది) సెట్టు ఒకటి, అంటే 10 నుంచి 32 దాకా సాకెట్లు, ర్యాచెట్, ఎక్స్‌టెన్షన్, యూనివర్సల్ జాయింట్ కలిపి వచ్చేది తీసుకుంటే లాభం. పనికిరానిది డబ్బా సెట్ల పద్ధతి కాదు, అన్ని పనులకూ ఒకటే డబ్బా అని అమ్మే చవక సెట్లు.

నేను మెకానిక్‌ను కాదు, నా పోలో, ఇంట్లో వాళ్ళ కార్లు సొంతంగా చేసుకుంటాను. ఈ బళ్ళు షెడ్డుకు వస్తాయి అన్నారు కాబట్టి చెప్తున్నాను. పోలో, వెంటో, ర్యాపిడ్‌లలో చక్రాలకు నట్లు ఉండవు, బోల్టులు ఉంటాయి, వాటికి 17 సాకెట్ కావాలి. స్విఫ్ట్ చక్రం నట్టుకు 19, ఐ10, ఐ20లకు 21. మళ్ళీ పోలో, ర్యాపిడ్‌లలోనే ముందు బ్రేక్ క్యాలిపర్ (బ్రేక్ ప్యాడ్లను నొక్కే భాగం) పిన్నుకు 7 ఎంఎం ఎలెన్, అంటే ఆరు పలకల గుంటలో దూరే కీ, కావాలి, ఇదే అసలు చిక్కు, ఎందుకంటే మామూలు ఎలెన్ కీ సెట్లలో 6 తర్వాత ఏకంగా 8 ఉంటుంది. 6 పెట్టి ఏదో కానిద్దాం అని తిప్పితే పిన్ను లోపలి గుంట అరిగిపోతుంది, ఆ తర్వాత దాన్ని బయటికి తీయడం నరకం. డ్రైవ్ షాఫ్ట్ (చక్రాన్ని తిప్పే కడ్డీ) దగ్గర పన్నెండు పళ్ళ స్ప్లైన్ బోల్టులు ఉంటాయి, ఎం8 సైజు. దూరం నుంచి చూస్తే నక్షత్రం ఆకారపు టార్క్స్ లాగే కనపడతాయి, టార్క్స్ బిట్ పెడితే కూర్చున్నట్టే అనిపిస్తుంది, బలం పెట్టగానే పళ్ళు తినేస్తుంది. కాబట్టి ఎస్2 స్టీల్ బిట్లు, హాఫ్ ఇంచ్ డ్రైవ్‌వి, 7 ఎలెన్, ఎం8 స్ప్లైన్, టీ20 నుంచి టీ50 దాకా టార్క్స్ విడిగా తీసుకోండి. బిట్లలో చవక సరుకు అస్సలు వద్దు, విరిగి ముక్క బోల్టులోనే ఉండిపోతుంది.

ప్లస్ స్క్రూల గురించి కూడా. జపాన్ బళ్ళలో ప్లస్ స్క్రూలు కొన్ని మామూలు ఫిలిప్స్ కావు, జపాన్ వాళ్ళ జేఐఎస్ కొలతవి. మామూలు ఫిలిప్స్ స్క్రూ డ్రైవర్ అందులో పూర్తిగా దిగదు, తిప్పుతుంటే పైకి ఎగదన్ని స్క్రూ తల పాడుచేస్తుంది. పాత బళ్ళలో బ్రేక్ మాస్టర్ సిలిండర్ మూత దగ్గర, లైట్ల దగ్గర ఇలా తల పోయిన స్క్రూలు ఎన్ని చూస్తామో. జేఐఎస్ కొన ఉన్న స్క్రూ డ్రైవర్ ఒక్కటి కొనిస్తే చాలు, రెండు రకాల స్క్రూలకూ పనికొస్తుంది.

రాణిగంజ్_కౌంటర్:

రాణిగంజ్‌లో టూల్స్ షాపులో చాలాకాలం కౌంటర్ మీద ఉన్నాను, కొనే పద్ధతి గురించి నా వంతు చెప్తాను.

ఎక్కువ అమ్ముడుపోయే కంపెనీకే నకిలీలు ఎక్కువ వస్తాయి. పానా మీద పేరు, సైజు అచ్చు ఎలా ఉందో చూడండి. అసలుదాంట్లో అక్షరాల అంచులు నీటుగా ఉంటాయి, అదే సెట్టులో ఉన్న పానాలన్నిటి మీదా ఒకే చోట, ఒకే లోతులో ఉంటాయి. నకిలీలో అక్షరం ఒకచోట లోతు, ఒకచోట తేలిక, నోటి లోపలి అంచు దగ్గర పూత కింద చిన్న చిన్న పొక్కుల్లాగా వేలికి తగులుతుంది. ఆ పూతే కొన్నాళ్ళకు పొరలు పొరలుగా లేచి చెయ్యి కోస్తుంది. క్రోమ్ వెనేడియం అని రాసి ఉంటే చాలు మంచిదే అనుకోకండి, రాయడానికి ఖర్చేం లేదు, ఆ స్టీలును సరిగ్గా కాల్చి చల్లార్చారా లేదా అన్నది రాతలో కనపడదు. అందుకే పేరున్న కంపెనీది, జీఎస్టీ బిల్లుతో తీసుకోవాలి. బిల్లుంటే విరిగిన పానాను పట్టుకుని షాపువాడిని నిలబెట్టి అడగొచ్చు.

తమ్ముడు ఒక పని చెయ్యాలి. 10, 12, 14 తలలున్న కొత్త బోల్టులు మూడు జేబులో వేసుకుని షాపుకు రమ్మనండి. పానా నోట్లో బోల్టు పెట్టి అటూ ఇటూ ఊపి చూడాలి. కొద్దిగా కదలడం సహజం, అది ఉండాలి కూడా, లేకపోతే రంగు పట్టిన బోల్టు మీద పానా కూర్చోదు. కానీ తల కొట్టుకుంటూ తిరుగుతుంటే మాత్రం వద్దు. అదే కంపెనీలో కూడా రెండు మూడు పీసులు తీయించి చూసుకోండి, బేరం కుదిరాక ఏ షాపువాడూ కాదనడు. ర్యాచెట్‌నైతే చెవి దగ్గర పెట్టుకుని మెల్లగా తిప్పమనండి, ప్రతి టిక్కూ ఒకేలా వినపడాలి.

రేటు సంగతి. చేతి పనిముట్లకు లిస్టు ప్రైస్ ఒకటుంటుంది, దాని మీద డిస్కౌంట్ ఇస్తారు, షాపు షాపుకూ ఆ డిస్కౌంట్‌లోనే తేడా. "లిస్టు మీద ఎంత తీస్తారు" అని అడగండి, మీకు లెక్క తెలుసని అర్థమవుతుంది. నాలుగు షాపులు పక్కపక్కనే ఉంటాయి కాబట్టి ఒక కాగితం మీద సైజులన్నీ రాసుకుని అదే కాగితం నాలుగు చోట్ల చూపించండి.

ఉప్పల్_అన్నయ్య:

ఇంత ఓపిగ్గా రాసినందుకు అందరికీ చాలా థాంక్స్ అన్నా. తమ్ముడికి చదివి వినిపించాను, 7 ఎలెన్ మాట వినగానే లేచి కూర్చున్నాడు, షెడ్డులో ఒక పోలో సరిగ్గా ఆ పిన్ను దగ్గరే ఆగిపోయి ఉందట.

ఇంకో మూడు అడగమన్నాడు. టార్క్ రెంచ్, అంటే ఎంత బలంతో బిగిస్తున్నామో కొలిచే పానా, ఇప్పుడే కొనాలా? షెడ్డులో గాలితో బోల్టులు తిప్పే ఎయిర్ గన్ ఉంది, ఈ సాకెట్లే దానికి పెట్టొచ్చా? ఎర్రగడ్డ ఆదివారం సంతలో పాత పానాలు చవగ్గా దొరుకుతాయి అంటున్నారు, అవి కొనొచ్చా?

మూసాపేట_షెడ్:

ఎయిర్ గన్ ముందు. తెల్లగా మెరిసే క్రోమ్ సాకెట్లు గన్‌కు పెట్టొద్దు. ఇది పట్టింపు కాదు, ప్రమాదం. అవి గట్టిగా ఉంటాయి కానీ దెబ్బలకు సాగవు, పగిలి ముక్క కంట్లో పడుతుంది. గన్‌కు నల్లగా ఉండే ఇంపాక్ట్ సాకెట్లు వేరే ఉంటాయి, క్రోమ్ మాలిబ్డినంతో చేస్తారు, గోడ మందంగా ఉంటుంది. 17, 19, 21 మూడూ పొడుగువి కొంటే చక్రాల పనంతా అయిపోతుంది. కళ్ళద్దాలు కూడా పెట్టుకోమనండి, షెడ్డులో ఎవరూ పెట్టుకోకపోయినా సరే.

టార్క్ రెంచ్ నా ఉద్దేశంలో ఇంజన్ పని చేతికొచ్చే రోజుకు ఉండాలి. ఇప్పటి ఇంజన్ల హెడ్‌లు (పై భాగాలు) అల్యూమినియంవి, స్పార్క్ ప్లగ్గు బిగించేటప్పుడు చేతి అంచనా తప్పితే మర లేచిపోతుంది, ఆ ఖర్చు టార్క్ రెంచ్ ఖర్చుకు ఎన్నో రెట్లు. కాకపోతే ఒకటే రెంచ్‌తో అన్నీ కావు. చిన్న కార్ల చక్రం నట్టు 100 న్యూటన్ మీటర్ల దరిదాపుల్లో ఉంటుంది, 6 ఎంఎం బోల్టు 10 న్యూటన్ మీటర్ల దగ్గరే ఆగాలి. 200 దాకా చూపించే పెద్ద రెంచ్‌తో 10 కొలవాలంటే కుదరదు. ముందు హాఫ్ ఇంచ్‌ది కొనండి, చిన్నది తర్వాత. ఏ బండికి ఎంత అన్నది ఆ బండి మాన్యువల్‌లో చూడాలి, ఎవరి నోటి మాటా నమ్మొద్దు.

కొన్నాక రెండు నియమాలు. దానితో బోల్టు విప్పకూడదు, బిగించడానికే. పని అయ్యాక స్కేలును కింది అంకెకు దించి పెట్టాలి, లేకపోతే లోపలి స్ప్రింగు అలాగే నొక్కుకుని ఉండి తప్పు చూపిస్తుంది. ఏడాదికోసారి లేదా 5000 సార్లు వాడాక కాలిబ్రేషన్ (కొలత సరిచూడడం) చేయించాలన్నది ఐఎస్ఓ 6789 అనే అంతర్జాతీయ ప్రమాణం పద్ధతి, ల్యాబులకు గుర్తింపునిచ్చే ఎన్‌ఏబీఎల్ సంస్థ గుర్తింపున్న ల్యాబులో చేయించుకోవచ్చు. షెడ్డులో పదిమందికీ అప్పు ఇచ్చే వస్తువు కాదు అది, తమ్ముడు మొహమాటపడకుండా చెప్పాలి.

సంత పానాల గురించి నాకు మంచి అభిప్రాయం లేదు. ఎవరి షెడ్డులోంచి వచ్చాయో తెలియదు, సొంత పనిముట్లు పోగొట్టుకున్నవాడి బాధ నేను కళ్ళారా చూశాను.

మియాపూర్_పోలో:

దొంగ సరుకు అనుమానం ఉంటే ముట్టుకోవద్దు, అందులో రెండో మాట లేదు. కానీ మూతపడిన వర్క్‌షాపుల సామాను కూడా అమ్మకానికి వస్తుంది అన్నా, తెలిసినవాళ్ళ ద్వారా అలాంటివి దొరికితే వదులుకోవద్దు. జర్మన్ గెడోర్ పేరుతో మన దేశంలోనే తయారైన పాత పానాలు కొన్ని ఇప్పటికీ కనపడతాయి, పైన పూత పోయినా నోరు ఇప్పటికీ సూటిగా ఉంటుంది. చూడాల్సిందల్లా నోటి లోపలి రెండు గోడలూ సమానంగా ఉన్నాయా, ఎక్కడైనా గ్రైండర్ పెట్టి అరగదీశారా, వెల్డింగ్ మచ్చ ఉందా అన్నదే. వెల్డింగ్ చేసిన పానా అయితే ఊరికే ఇచ్చినా వద్దు.

టాటా బళ్ళు వస్తాయన్నారు కదా, నెక్సాన్ ఈవీ లాంటి కరెంటు బళ్ళు కూడా షెడ్డు గుమ్మం ఎక్కుతాయి. వాటి బ్యాటరీ వైపు, నారింజ రంగు వైర్ల వైపు మామూలు పానాతో వెళ్ళకూడదు. 1000 వోల్టులకు పరీక్షించిన ఇన్సులేటెడ్ పనిముట్లు ఉంటాయి, వాటి మీద రెండు త్రికోణాల గుర్తు, 1000 వీ అని ఉంటుంది. పిడికి ప్లాస్టిక్ తొడుగు ఉన్నంత మాత్రాన కటింగ్ ప్లేయర్ ఇన్సులేటెడ్ అయిపోదు. అయినా ట్రైనింగ్ లేకుండా అటు వెళ్ళొద్దని తమ్ముడికి గట్టిగా చెప్పండి, అవి ఇప్పుడే కొనక్కర్లేదు.

ఉప్పల్_అన్నయ్య:

అర్థమైంది. సంతకు వెళ్ళం. మరి 15 వేలలో ఇవన్నీ సరిపోతాయా, లేక కొన్ని ఆపాలా?

రాణిగంజ్_కౌంటర్:

అన్నీ ఒకేసారి కావు, కానక్కర్లేదు. ఈ విడతలో కాంబినేషన్ పానాలు 8 నుంచి 19, హాఫ్ ఇంచ్ సాకెట్ సెట్టు మంచి ర్యాచెట్‌తో, అదనంగా ఒక 10 పానా, ఒక 10 సాకెట్, బ్రేకర్ బార్, కటింగ్ ప్లేయర్, నోస్ ప్లేయర్, స్క్రూ డ్రైవర్లు, 7 ఎలెన్ బిట్, ఎం8 స్ప్లైన్ బిట్. మిగిలినదాంట్లో 17, 19, 21 ఇంపాక్ట్ సాకెట్లు. టార్క్ రెంచ్, త్రీ బై ఎయిట్ (3/8 అంగుళం) ర్యాచెట్ సెట్టు, సర్‌క్లిప్ ప్లేయర్లు (స్ప్రింగు రింగులు తీసేవి) వచ్చే విడతకు పెట్టుకోండి. నోరు సైజు మార్చుకునే స్క్రూ పానా వాడకం తగ్గేకొద్దీ మెకానిక్ పనితనం పెరుగుతుంది కాబట్టి అది ఇప్పుడు అసలు వద్దు.

తాళం పడే రేకు డబ్బా ఒకటి తప్పనిసరి. కొన్న రోజే ప్రతి పీసు మీదా ఎన్‌గ్రేవర్‌తో తమ్ముడి పేరు మొదటి అక్షరం చెక్కించండి, పానాకు నోటి దగ్గర కాకుండా నడుం మీద. సాయంత్రం డబ్బాలో పెట్టేముందు డీజిల్ తడిపిన గుడ్డతో తుడిచి, లెక్క చూసుకుని తాళం వెయ్యాలి, వానాకాలం రేకుల షెడ్డులో ఒక్క రాత్రికే నోళ్ళ దగ్గర ఎర్రగా తుప్పు చూపిస్తుంది.

ఆదివారం రాణిగంజ్‌లో చాలా షాపులు మూసే ఉంటాయి, మామూలు రోజు 11 తర్వాత రండి, తమ్ముడిని వెంట తీసుకునే రండి, చేతిలో పట్టుకుని చూడాల్సింది తనే.